నున్నటి పేజీలు

పుస్తకమన్నాక మూస్తే మూసుకోవాలి. బల్ల మీద పెడితే కదలకుండా కూర్చోవాలి. ముప్ఫై ఏళ్ళుగా అట్టలు కడుతున్న మనిషికి ఇంతకంటే పెద్ద సిద్ధాంతాలేమీ ఉండవు. అందుకే సోమవారం పొద్దున బడిలో తన ముందు పెట్టిన నాలుగు కాగితాల కట్టలూ చూసేసరికి అతనికి ప్రాణం ఉసూరుమంది. ఒక్క సైన్సు పుస్తకం నాలుగు కట్టలైంది. ఒక్కో కట్టా గాలి కొట్టినట్టు ఉబ్బిపోయి ఉంది. సిరా చుక్క లేదు, అచ్చక్షరం లేదు. మందపాటి తెల్లకాగితం నిండా వరసలు వరసలుగా పొక్కులు. ఆ పొక్కులే అక్షరాలు, అతని కూతురికి.

కూతురికి పదకొండేళ్ళు. పుట్టుకతోనే చూపు లేదు. మాటలు మాత్రం పదిమందికి పంచినా మిగిలేంత ఉన్నాయి కాబట్టి వీధి వీధంతా పిచ్చుక అనే పిలుస్తుంది. వీధి చివరి బడిలో అందరు పిల్లలతోపాటే చదువుతోంది. వారానికి రెండు రోజులు, సోమవారం, గురువారం, ఒక టీచరు బస్సెక్కి వచ్చి ఆమెకి చుక్కల అక్షరాలు నేర్పిస్తుంది. పిల్లలు ఆవిణ్ణి చుక్కల టీచరంటారు.

"గురువారం ఆఫీసరమ్మ వస్తోందయ్యా," అన్నాడు పెద్దసారు. బడికి పెద్ద ఆయన, కాగితాలంటే చిన్నపిల్లాడికంటే ఎక్కువ భయం. "పాప చేత ఈ పుస్తకం చదివించి చూస్తుంది. చట్టం ప్రకారం మనం టీచర్నిచ్చాం, పుస్తకమిచ్చాం. అన్నీ ఇచ్చినా చదవలేకపోయిందనుకో, పదకొండో సెక్షను."

"అంటే ఏంటి సార్?"

"మామూలు బడి వల్ల ఉపయోగం లేదని రాసేస్తారు. హాస్టలు బడికి పంపేస్తారు. నా చేతుల్లో ఏం లేదు, ముందే చెప్తున్నా."

హాస్టలు బడి రైల్లో పదహారు గంటల దూరం. పోయినేడు చట్టం వచ్చీ రాగానే, వినపడని పిల్లాడొకణ్ణి ఇలాగే పంపించేశారు. వాడి తల్లి ఇప్పటికీ బడి వదిలే వేళకి గేటు దాకా వస్తుంది, గుర్తొచ్చి వెనక్కి తిరుగుతుంది. ఇంతా చేసి అదే చట్టంలో మూడో సెక్షను ఒకటుంది, ఏ పిల్లనైనా సరే ఇంటి దగ్గరి బడి కాదనకూడదని. దాన్ని పెద్దసారు చదవగా ఎవరూ వినలేదు. పదకొండోది మాత్రం ఆయనకి కంఠతా వచ్చు.

"ఇవి విడి కాగితాలుగా ఉంటే ఒప్పుకోరు. పుస్తకంలా ఉండాలి, రిజిస్టరులో ఎక్కాలి," అన్నాడు పెద్దసారు.

"తీగచుట్ట వేయించెయ్యండి, అదే, స్పైరల్ బైండింగు. మలుపులో జిరాక్సు షాపుంది కదా, పావుగంట పని," అంది చుక్కల టీచరు, గోడ గడియారం చూసుకుంటూ.

తీగచుట్ట! అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ జిరాక్సు షాపు వచ్చాకే తన కొట్టు ముందు మనుషులు పలచబడ్డారు. "నా కూతురి పుస్తకానికి తీగచుట్టా టీచరమ్మా? గుడ్డ అట్ట కట్టి ఇస్తాను. దాని పిల్లలు చదువుకున్నా చెక్కుచెదరదు."

"సరే, మీ ఇష్టం. బెజ్జాలు మాత్రం అంచుకే వెయ్యండి, అక్షరాల మీద పడకుండా," అని ఆవిడ బస్సుకి పరిగెత్తింది. పాపం, ఆవిడ అట్టలు కట్టే కొట్టు ఎన్నడూ చూడలేదు. అంతకుమించి చెప్పాల్సిందేదో ఉందని ఆవిడకి తట్టలేదు.

మంగళవారం అతను వేరే పని ముట్టుకోలేదు. చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. ప్రతి కాగితం మీదా అంచు నుంచి వేలెడు దూరంలో స్కేలు పెట్టి గీత గీశాడు. నాలుగేసి కాగితాలు మాత్రమే పట్టుకుని దబ్బనంతో బెజ్జాలు పొడిచాడు. ఒక్క చుక్క మీద కూడా పడనివ్వలేదు. దారానికి మైనం పట్టించి, ముడి కనపడకుండా లోపలికి దోసి, నాలుగు కట్టలూ కుట్టేసరికి మధ్యాహ్నం దాటింది. వెన్నుకి పలచటి గుడ్డ అంటించి, నీలం గుడ్డ అట్ట తొడిగి, జిగురు పొంగిన చోటల్లా తడిబట్టతో తుడిచాడు. అన్నీ అయ్యాక నాలుగు పుస్తకాలనీ ఒకదాని మీద ఒకటి పేర్చి, వెనక్కి జరిగి చూశాడు.

ఉబ్బు అలాగే ఉంది. అట్టలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

ఉబ్బిన పుస్తకం కంటబడితే అతని చేతులు ఊరుకోవు. ఊరుకోలేదు. పుస్తకాల మధ్య చెక్కలు పెట్టాయి, అన్నింటినీ ఇనప ప్రెస్సులోకి తోశాయి, చక్రం తిప్పాయి. ఆఖరి చుట్టు తిరగనని మొరాయిస్తే ఛాతీ ఆనించి మరీ తిప్పాడు. తెల్లారేదాకా అలా ఉంటే దారికొస్తాయిలే అనుకుని, కట్టల్లోంచి ఒంటరిగా మిగిలిన ఒక కాగితాన్ని, రెండుసార్లు వచ్చిన పేజీ అది, బల్ల మీద పారేసి ఇంటికెళ్ళాడు.

బుధవారం ప్రెస్సు విప్పితే, చెప్పొద్దూ, కన్నులపండగ్గా ఉన్నాయి. చెక్కముక్కల్లా చదును. పేజీలు రెపరెపలాడిస్తే గాలి కూడా బుద్ధిగా వచ్చింది. బడికి తీసుకెళ్ళి పెద్దసారు బల్ల మీద పెడితే ఆయన మొహం కూడా వికసించింది. వెంటనే నాలుగింటికీ ముద్రలు కొట్టి, నంబర్లు వేసి, రిజిస్టరులో ఎక్కించి, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"పాపకి ఓసారి ఇస్తే చూసుకుంటుంది కదా సార్."

"రేపు ఆఫీసరమ్మ ముందే తెరుద్దాం. ఇప్పుడిస్తే మాసిపోతాయి."

చదువుకోమని ఇచ్చిన పుస్తకం చదివితే మాసిపోతుందట! ఇలాంటి మాటలకి బడిలో ఎవరూ నవ్వరు. అతనూ నవ్వలేదు, తన పనితనానికి దక్కిన మర్యాదే అనుకుని సంతోషంగా కొట్టుకొచ్చాడు.

జిగురు గిన్నె కింద పెట్టడానికి ఏదైనా కాగితం కోసం చెయ్యి చాపితే ఆ ఒంటరి పేజీ దొరికింది. బొటనవేలికి గరుగ్గా తగిలింది. పొద్దున పుస్తకాలు రెపరెపలాడించినప్పుడు ఇలా గరుగ్గా ఏదీ తగల్లేదే అనుకున్నాడు. అనుకోవడం పూర్తికాకముందే జిగురు గిన్నె పక్కకి నెట్టేశాడు.

కాదు, కాదు, అలా అయ్యుండదు. అతను ఆ కాగితాన్ని రెండు చెక్కల మధ్య పెట్టాడు. ప్రెస్సులోకి తోసి చక్రం బిగించాడు. నిలబడలేక స్టూలు మీద కూర్చుని వంద లెక్కపెట్టాడు. మధ్యలో తప్పిపోయి మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. తీసి, కళ్ళు మూసుకుని, వేలు ఆనించాడు. అక్కడక్కడ ఏదో ఉందా లేదా అన్నట్టు తగిలింది. మిగతాదంతా నున్నగా ఉంది. వంద లెక్కపెట్టేంతలోనే ఇలా అయితే, రాత్రంతా నలిగిన ఆ నాలుగు పుస్తకాల్లో ఇంకేం మిగులుతుంది!

బడిదాకా చెప్పుల్లేకుండా పరిగెత్తాడని అక్కడికెళ్ళాక గానీ తెలియలేదు. పెద్దసారు మీటింగుకి వెళ్ళిపోయాడు. బంట్రోతు వరండాలో కూర్చుని సుద్దముక్కలు లెక్కపెడుతున్నాడు.

"బీరువా తాళాలా? సారు జేబులోనే ఉంటాయి. ఏంటంత రొప్పుతున్నావు, ఏమైంది?"

ఇప్పుడు చెప్తే ఏమవుతుంది? పుస్తకం పాడుచేసింది తండ్రే అని తెలుస్తుంది. పుస్తకం లేదు కాబట్టి చదవలేదని రాస్తారా, చదవలేదు అని మాత్రమే రాస్తారా? పెద్దసారుకి పదకొండో సెక్షను తప్ప వేరేది రాదాయె. "ఏం లేదన్నా, అట్ట ఆరిందో లేదో చూద్దామని," అన్నాడు.

"ఆరకపోతే రేపటికి ఆరుతుందిలే," అన్నాడు బంట్రోతు.

సాయంత్రం ఇంట్లో పిచ్చుక తన పాత చుక్కల కాగితాలు ఒళ్ళో పెట్టుకుని వల్లె వేస్తోంది. ఎడమచేతి వేలు ముందు నడుస్తుంది, కుడిచేతి వేలు వెనకాల వచ్చి సరిచూసుకుంటుంది. ఒక్కోచోట రెండూ ఆగిపోతాయి, పెదాలు కదుల్తాయి, మళ్ళీ వెనక్కెళ్తాయి. అతను ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. భార్య ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి వచ్చి, ఇంట్లో మళ్ళీ పిల్ల యూనిఫారం ఇస్త్రీ చేస్తోంది.

"ఏంటలా ఉన్నావు, ఎవరో పోయినట్టు?"

"తలనొప్పి. జిగురు వాసనకి."

"ముప్ఫై ఏళ్ళుగా లేంది ఇవాళొచ్చిందా వాసన?" ఆమె కాలరు తిరగేసి నొక్కింది. "రేపీ గండం గట్టెక్కితే చాలు. దాన్ని పంపించేశారో, నేనూ దాంతోపాటే రైలెక్కేస్తా. నువ్వూ నీ అట్టలూ ఇక్కడే ఏడవండి."

"అమ్మా, నాన్న కట్టిన పుస్తకం నాకింకా చూపించనేలేదు," అంది పిచ్చుక. "ఎలా ఉంది నాన్నా?"

"బాగుందమ్మా."

"లావుగా ఉందా?"

అతను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. కుళాయి తిప్పి మొహం కడుక్కుంటూ, చెప్పెయ్యాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకున్నాడు. లోపలికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. చెప్పలేదు. పిరికివాళ్ళకి రేపనేది ఒకటి ఎప్పుడూ చేతికందుతూనే ఉంటుంది.

గురువారం ఎనిమిదింటికే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు. పెద్దసారు ఒక్కడే వస్తే పక్కకి పిలిచి చెప్పాలని. పెద్దసారు ఆఫీసరమ్మ కారులో దిగాడు. "సార్, ఒక్క మాట" అంటే, "తర్వాత, తర్వాత" అని చెయ్యి ఊపి దారి చూపిస్తూ లోపలికెళ్ళిపోయాడు. చుక్కల టీచరు బస్సు ఇంకా రాలేదు.

ఆఫీసరమ్మకి యాభై దాటుంటాయి. అప్పటికే రెండు బళ్ళు చూసొచ్చిందట, కూర్చోగానే చెప్పులు వదిలి కాళ్ళు చాపుకుంది. చెడ్డమనిషిలా లేదు. అతని భయం మాత్రం వీసమెత్తు తగ్గలేదు. మంచివాళ్ళు రాసినా రాసిందే కదా. పిచ్చుకని బల్ల ముందు కూర్చోబెట్టారు. తల్లి పనికి సెలవు పెట్టి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. అతను కూతురి కుర్చీ వెనకే, గోడ వారగా నిలబడ్డాడు. పెద్దసారు బీరువా తీసి మొదటి పుస్తకం తెచ్చి, మొదటి పాఠం దగ్గర తెరిచి, పిల్ల చేతుల కింద పెట్టాడు.

"ఎంత ముచ్చటగా కట్టారో!" అంది ఆఫీసరమ్మ, అచ్చు పుస్తకం తను తెరుచుకుంటూ. "మొదటి పాఠం, విత్తనం. చదువు తల్లీ."

పిచ్చుక చేతులు పేజీ మీదికి వెళ్ళాయి. ఆగాయి. కిందికి జరిగాయి, మళ్ళీ పైకొచ్చాయి. అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. అయిపోయింది, ఇంక అంతా అయిపోయింది.

"విత్తనంలో ఒక చిన్న మొక్క నిద్రపోతూ ఉంటుంది," అంది పిచ్చుక గట్టిగా. "దానికి నీరు తగిలితే మేలుకుంటుంది. ముందుగా వేరు కిందికి వెళ్తుంది. తరవాత మొలక పైకి వస్తుంది."

వేళ్ళు జారిపోతున్నాయి. ఎడమవేలు ముందూ లేదు, కుడివేలు వెనకా లేదు. రెండూ కలిసి బల్ల తుడుస్తున్నట్టు ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్తున్నాయి. ఎక్కడా ఆగట్లేదు. క్లాసులో విన్న పాఠాన్ని పిల్ల ఒక్క ముక్క పోకుండా అప్పజెప్పేస్తోంది. సరిగ్గా తిప్పాల్సిన చోటనే పేజీ కూడా తిప్పింది. తల్లి కళ్ళు తుడుచుకుంది. అతను మాత్రం ఆ వేళ్ళ మీంచి చూపు తిప్పలేకపోయాడు.

"భేష్!" అంది ఆఫీసరమ్మ. పుస్తకాన్ని దగ్గరగా చూడాలనిపించిందేమో, పిల్ల చేతుల కింద నుంచి మెల్లిగా లాక్కుంది. పిచ్చుక ఆగాల్సింది. కంగారులో ఆగలేదు. ఖాళీ బల్ల మీదే వేళ్ళు నడిపిస్తూ, "ఎండ తగిలితే ఆకులు పచ్చబడతాయి," అనేసి, అప్పుడు గతుక్కుమని నోరు మూసుకుంది.

ఆఫీసరమ్మ ఫక్కున నవ్వింది. "పుస్తకమే అక్కర్లేదు కదా ఈ పిల్లకి!"

"వింటే చాలు మేడం, ఇట్టే పట్టేస్తుంది," అన్నాడు పెద్దసారు, అమ్మయ్య అనుకుంటూ. "ఏకసంథాగ్రాహి."

ఆఫీసరమ్మ ఫారం తీసి కలం పట్టుకుంది. అప్పుడే చుక్కల టీచరు ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చింది. ఆఫీసరమ్మ రాస్తూ రాస్తూ పైకే చదివింది. "ప్రత్యేక సహాయం అవసరం లేదు. విని నేర్చుకోగలదు."

"మేడం!" అంది చుక్కల టీచరు బ్యాగు కూడా దించకుండా. "అలా రాస్తే ఇంక నన్నిక్కడికి పంపరు. పై తరగతుల పుస్తకాలు కూడా రావు."

"సంతోషమే కదమ్మా. మీకోసం ఇంకా పదిహేడు బళ్ళు ఎదురుచూస్తున్నాయి. ఈ ఫారంలో ఉన్నవి మూడే వరసలు. సహాయం ఇచ్చినా చదవలేదు, సహాయంతో చదువుతుంది, సహాయం అక్కర్లేదు. అక్కర్లేని చోట ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు."

"లెక్కలెలా వింటుంది మేడం? పరీక్ష ఎలా రాస్తుంది?"

"బాగా చదివినందుకు శిక్ష వేసినట్టు మాట్లాడతారేంటి!"

అతను పిచ్చుక వైపు చూశాడు. పిల్ల మొహం పాలిపోయింది. గడగడా అప్పజెప్పి తను ఏం పోగొట్టుకుందో దానికి అప్పుడే అర్థమవుతోంది. నిజం చెప్తే చదవలేదని రాస్తారు, రైలెక్కిస్తారు. చెప్పకపోతే ఇక్కడే ఉంటుంది, ఒక్క అక్షరం కూడా చేతికి అందకుండా. ఉంటే చాలదా? ఎదురుగా ఉంటే చాలదా? ఆఫీసరమ్మ సంతకం పెట్టడానికి కాగితం తిప్పింది.

"అందులో ఏం లేదండీ," అన్నాడు.

ఎవరికీ వినపడలేదు. తనకే సరిగ్గా వినపడలేదు. గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చి, "ఆ పుస్తకంలో ఏం లేదండీ మేడం. నేనే పాడుచేశాను. ఉబ్బుగా ఉందని ప్రెస్సులో పెట్టి నొక్కేశాను. చుక్కలన్నీ చచ్చిపోయాయి. నా కూతురు చదవలేదు. దానికొచ్చింది చెప్పింది," అన్నాడు.

"ఏంటయ్యా ఆ మాటలు! కంగారు మనిషి మేడం, పట్టించుకోకండి," అన్నాడు పెద్దసారు.

"కళ్ళు మూసుకుని మీరే చెయ్యి పెట్టి చూడండమ్మా."

ఆఫీసరమ్మ అతన్ని చూసింది. కళ్ళద్దాలు తీసి, నిజంగానే కళ్ళు మూసుకుని, పేజీ మీద చెయ్యి పెట్టింది. చుక్కల టీచరు కూడా వచ్చి వేళ్ళు ఆనించింది. "అయ్యో," అంది. ఇంకో పుస్తకం తీసి చూసింది, ఇంకోటి చూసింది. "అయ్యయ్యో!"

"ఎంత పని చేశావయ్యా! రిజిస్టరులో ఎక్కించేశానే!" అని పెద్దసారు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. భార్య చూపుకే అతను తల దించుకున్నాడు.

"అయితే ఇప్పుడు నేనేం రాయాలి?" అంది ఆఫీసరమ్మ. ఆ గొంతులో నవ్వు పోయింది. "పుస్తకం ఇచ్చామని రిజిస్టరులో ఉంది. పిల్ల దాన్ని చదవలేదు. ఫారం ప్రకారం అయితే మొదటి వరసే."

పట్టుకోవడానికి ఏదీ దొరక్క అతను కూతురి కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"చుక్కలు గుచ్చే పలక ఉంది నా దగ్గర," అంది చుక్కల టీచరు గబగబా బ్యాగు విప్పుతూ. "పాపని బయటికి పంపండి. మీకు తోచింది ఏదైనా చెప్పండి, ఏ పుస్తకంలోనూ లేనిది. నేను గుచ్చుతాను. వచ్చి చదువుతుంది."

తల్లి పిచ్చుకని వరండా చివరి దాకా తీసుకెళ్ళింది. ఆఫీసరమ్మ కాసేపు ఆలోచించి, టీచరు చెవిలో ఏదో చెప్పింది. టీచరు పలకలో కాగితం బిగించి, కుడి నుంచి ఎడమకి టకటకా గుచ్చి, కాగితం తిరగేసి బల్ల మీద పెట్టింది. ఒకే ఒక్క వరస. అతనికి ఆ వరస చాలా పొడుగ్గా కనిపించింది.

పిచ్చుక వచ్చి కూర్చుంది. ఎడమవేలు ముందు బయల్దేరింది. కుడివేలు దాని వెనకే వచ్చింది.

"మా... అ... అమ్మ... అమ్మకి..." ఆగింది. వెనక్కెళ్ళింది. పెదాలు కదిలాయి. "మె... కాదు. ఉండండి. మో... మోకా..."

పెద్దసారు గడియారం చూసుకున్నాడు. ఆఫీసరమ్మ కలంతో బల్ల మీద కొట్టబోయి ఆపుకుంది. ఇందాక గడగడా పారిన పిల్ల ఇప్పుడు అంగుళం అంగుళం పాకుతోంది. ఇంత నెమ్మదిని వీళ్ళు చదవడమనే అంటారా? తొందరపెడితే పోతుంది, పెట్టకపోయినా పోతుందేమో.

"మోకాళ్ళ... నొప్పి. మా అమ్మకి మోకాళ్ళ నొప్పి. మె... మెట్లు... ఎ... ఎక్క... లేదు." పిచ్చుక తలెత్తింది. "ఎవరి అమ్మకండీ?"

ఆఫీసరమ్మ కలం కింద పెట్టింది. "మా అమ్మకేనమ్మా," అంది.

"నిజంగానా? మరి మేడ మీద ఎందుకుంచారండీ?"

"అదే నేనూ ఆలోచిస్తున్నాను," అంటూ ఆమె ఫారం ముందుకు లాక్కుంది. రాసిన వరస అడ్డంగా కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేసింది. కొట్టివేతలుంటే పై ఆఫీసులో అడుగుతారని పెద్దసారు గొణిగితే, "అడిగితే నేను చెప్పుకుంటాను" అంది. మధ్య వరసలో గుర్తు పెట్టి కింద రాసింది, టీచరు వారానికి మూడు రోజులు రావాలని, పుస్తకాలు మళ్ళీ అచ్చువేయించి పంపాలని. తరవాత అట్టలాయన వైపు తిరిగి, "ఈసారి తీగచుట్ట," అంది.

"అలాగేనండీ," అన్నాడు అతను. జన్మలో మొదటిసారి ఆ మాటకి కోపం రాలేదు.

వరండాలో తల్లి చుక్కల టీచరు చేతులు పట్టుకుని వదలట్లేదు. అతను కూతుర్ని నడిపించుకుంటూ కొంచెం దూరం వెళ్ళి ఆగాడు.

"ఖాళీగా ఉందని చెప్పలేదేం తల్లీ?"

"నువ్వు నా వెనకే నిలబడి కుక్కలా రొప్పుతున్నావు కదా నాన్నా. పేజీ ముట్టుకోగానే తెలిసిపోయింది నువ్వే ఏదో చేశావని. చెప్తే నిన్ను తిడతారనిపించింది."

"నన్ను తిడితే ఏమవుతుందే పిచ్చిదానా! నాకు నిన్ననే తెలుసు. నిన్ననే చెప్పుండాల్సింది నేను."

పిచ్చుక తండ్రి చేతిని తడిమి పట్టుకుంది.

"ఇంకెప్పుడైనా తప్పు చేస్తే ముందు నాకు చెప్పు నాన్నా," అంది. "కనీసం ఏ పాఠం బట్టీ పట్టాలో తెలుస్తుంది. రెండో పాఠం అడిగుంటే నాకు సగమే వచ్చు."

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు. కూతురి భుజం మీద చెయ్యి వేసి, తల్లి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు. పిచ్చుక కూడా కదలకుండా నిలబడింది.